ఫోన్ స్టేషన్‌లో, సంతకం తెల్లకాగితం మీద: ఇప్పుడేం చేయాలి?

కోస్తాంధ్రలోని ఒక పట్టణం నుంచి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు సుదీర్ఘంగా రాశారు. వయసు 63. కొడుక్కి 22. బీటెక్ పూర్తయింది, అమెరికాలో ఎంఎస్‌కు సీటు వచ్చింది, పాస్‌పోర్టుకు పోలీసు వెరిఫికేషన్ జరగాల్సి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం విద్యార్థులు చేసిన ధర్నాలో అబ్బాయి పాల్గొన్నాడు. చివర్లో ఎవరో ఆర్టీసీ బస్సు అద్దం పగలగొట్టారు. వారం తిరక్కముందే కానిస్టేబుల్ ఫోన్ చేసి "ఎస్సైగారు ఒకసారి రమ్మంటున్నారు" అన్నాడు. ఉదయం పదింటికి వెళ్లిన పిల్లవాణ్ణి రాత్రి ఎనిమిదికి పంపించారు. ఈలోగా ఫోన్ లాక్ తీయించి వాట్సాప్ గ్రూపులన్నీ చూశారు. ఒక గ్రూపులో ఎన్‌కౌంటర్‌ను ఖండిస్తూ ఎవరో పెట్టిన కరపత్రం కనబడింది. "ఉపా పెడితే అమెరికా సంగతి మర్చిపోవాల్సిందే" అన్నారు (ఉపా అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం). వేలిముద్రలు, ఫొటోలు తీసుకున్నారు. రెండు తెల్లకాగితాల మీద, చదవనివ్వని ఒక అచ్చు కాగితం మీద సంతకాలు చేయించుకున్నారు. ఫోన్ ఉంచేసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. ప్రతి ఆదివారం వచ్చి సంతకం పెట్టమన్నారు, తహసీల్దారు దగ్గర బైండోవర్ చేస్తామన్నారు, అంటే గొడవల్లోకి వెళ్లనని బాండు రాయించుకుంటామన్నారు. తండ్రిని కూడా స్టేషన్‌కు రమ్మని కబురు పెట్టారు.

ఇంట్లో తలా ఒక మాట. భార్య ఎమ్మెల్యేగారి మనిషిని పట్టుకుందామంటున్నారు. బావమరిది హైకోర్టులో రిట్ వేద్దామంటున్నారు. ఫోన్ పోయిందని ఫిర్యాదు ఇచ్చి కొత్త సిమ్ తెచ్చుకోమని తమ్ముడి సలహా. అబ్బాయేమో "ఏమీ చేయొద్దు నాన్నా, వదిలేద్దాం" అంటున్నాడు. "దేశ భద్రత కోసం పోలీసులకు అధికారాలుండాలి, నేను కాదనను. కానీ మా వాడి విషయంలో ఏది అధికారమో ఏది దౌర్జన్యమో నాకు తెలియడం లేదు" అని ఉత్తరం ముగించారు.

మాస్టారూ,

ముందుగా మీ తమ్ముడుగారి సలహా పక్కన పెట్టండి. ఫోన్ ఎక్కడుందో తెలిసీ పోయిందని ఫిర్యాదు చేస్తే అది తప్పుడు సమాచారం ఇవ్వడం, భారతీయ న్యాయ సంహిత 217 కింద నేరం. ఇప్పటిదాకా మీ వాడి మీద కేసంటూ ఉందో లేదో తెలియదు. ఈ పని చేస్తే మాత్రం ఒకటి ఖాయంగా తయారవుతుంది. అలాగే ఇంటినుంచే ఫోన్‌లోని డేటా చెరిపేసే సదుపాయం ఉంది కదా అని ఎవరైనా చెబితే వినకండి. సాక్ష్యం కాగల ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం 241 కిందకు వస్తుంది. చేయగలిగింది వేరే ఉంది. మరో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, యూపీఐ ఆపమని బ్యాంకుకు చెప్పండి. చాట్‌లు, ఫొటోలు మాత్రం ముట్టుకోవద్దు. డూప్లికేట్ సిమ్ కావాలంటే టెలికాం కంపెనీకి ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి, తీసుకున్నాక ఆ సంగతి పోలీసులకు రాసే ఉత్తరంలో ఒక వాక్యంగా చేర్చండి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. అధికారానికీ దౌర్జన్యానికీ తేడా పోలీసు గొంతులో వెతికితే దొరకదు. మర్యాదగా మాట్లాడుతూ చట్టం దాటొచ్చు, కసురుకుంటూ చట్టం లోపలే ఉండొచ్చు. మన చట్టంలో పోలీసుల చేతిలో ఉన్న అధికారాలు చిన్నవి కావు. కానీ ప్రతి అధికారానికీ ఒక కాగితం జోడించి ఉంటుంది: పిలిస్తే నోటీసు, తీసుకుంటే జాబితా, పట్టుకుంటే కారణాలు, కట్టడి చేస్తే ఉత్తర్వు. ఆ కాగితం మీదే తర్వాత మేజిస్ట్రేటు పోలీసును ప్రశ్నించగలడు. మీ వాడి విషయంలో అన్నీ నోటిమాట మీద జరిగాయి. ఉన్న మూడు కాగితాలూ మీ వాడి సంతకంతో వాళ్ల దగ్గర ఉన్నాయి, మీ దగ్గర ఒక్కటీ లేదు. ముందు సరిచేయాల్సింది అదే.

పిలవడం దగ్గర మొదలుపెడదాం. బస్సు అద్దం పగిలింది, దర్యాప్తు చేయడం పోలీసుల పనే. ధర్నాలో ఉన్నవాళ్లను అడగడంలో తప్పేమీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో దీనికి రెండు దారులున్నాయి (ఇకపై చట్టం పేరు చెప్పకుండా రాసే సెక్షన్లు ఈ సంహితలోవే). సాక్షిగా పిలవాలంటే 179 కింద రాతపూర్వక నోటీసు. అనుమానితుడిగా పిలవాలంటే 35(3) కింద నోటీసు. పాత సీఆర్‌పీసీలో 41ఏ అంటే చాలామందికి తెలుస్తుంది. ఈ 35(3) నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, జులైలో మళ్లీ ఖాయం చేసింది. ఫోన్ చేసి రమ్మనడం ఈ రెండిట్లో ఏదీ కాదు. ఇక మీ సంగతి: 60 దాటిన పురుషుణ్ణి, ఏ వయసు స్త్రీనైనా సాక్షిగా స్టేషన్‌కు రప్పించకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. అది అదే 179లో ఉంది. పాత చట్టంలో పురుషులకు 65 ఉండేది, కొత్త చట్టం 60కి దించింది. మీకు 63 కాబట్టి వెళ్లనక్కర్లేదు. ఆ మాట నోటితో అనకుండా, వయసు రుజువు జతచేసి రాసి పంపండి.

నోటీసంటే భయపడేవాళ్లు చాలామంది. నిజానికి మీ వాడికిప్పుడు 35(3) నోటీసు రావడమే మేలు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారన్న కేసులో మామూలుగా గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్ణేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నోటీసుకు కట్టుబడి హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసి చూపితే తప్ప అరెస్టు చేయడానికి వీల్లేదు. కానీ నోటీసు వచ్చాక వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. లాయర్‌ను తీసుకుని వెళ్లాలి, వెళ్లినట్టు రుజువు ఉంచుకోవాలి.

ఫోన్ విషయం ఇంతకంటే చిక్కు. నేరానికి సంబంధించిందన్న అనుమానం ఉంటే 106 కింద వస్తువును స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు జాబితా రాయాలి, 105 ప్రకారం ఆ తతంగమంతా వీడియో తీయాలి, మేజిస్ట్రేటుకు తెలపాలి. కేసు నంబరు, జాబితా, వీడియో ఏవీ లేకుండా ఫోన్ ఉంచుకుంటే చట్టం దృష్టిలో అది స్వాధీనం కానే కాదు. ఇంకో ప్రమాదం ఉంది. సరిగ్గా స్వాధీనం చేసుకున్న ఫోన్‌కు సీలు వేసి, లోపలి డేటాకు హాష్ విలువ అనే గుర్తింపు సంఖ్య లెక్కగడతారు. డేటాలో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ రాయాలి. సీలు లేకుండా బల్ల సొరుగులో పడి ఉన్న ఫోన్‌లోకి రేపు ఏదైనా వచ్చి చేరితే, అది తర్వాత చేరిందని చెప్పడానికి మీకూ ఆధారం ఉండదు, చేరలేదని చెప్పడానికి వాళ్లకూ ఉండదు. అందుకే ఫోన్ ఫలానా తేదీ నుంచి వాళ్ల దగ్గరే ఉందని ఇప్పుడే కాగితం మీద పెట్టడం ఫోన్ తిరిగి రావడం కన్నా ముఖ్యం.

లాక్ తీయమంటే తీయాలా అన్నదానిపై హైకోర్టులు ఒక మాట మీద లేవు. వారెంటుతో అడగొచ్చని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. నిందితుణ్ణి పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయరాదని 2023లో ఢిల్లీ హైకోర్టు అంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగం 20(3) అధికరణం దీనికి మూలం. మీ వాడు ఇప్పటికే తీసి చూపించాడు, దానికి వాణ్ణి తప్పుపట్టకండి. పది గంటలు కూర్చోబెడితే పెద్దవాళ్లే తీస్తారు. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద గంజాయి తనిఖీల పేరుతో ఆపి వాట్సాప్‌లో వెతికినప్పుడు కూడా, ఏ సెక్షన్ కింద అని అడగకుండానే జనం ఫోన్లు చేతికిచ్చారు. మళ్లీ అడిగితే "రాతపూర్వకంగా అడగండి, లాయర్‌తో మాట్లాడి చెబుతాను" అంటే చాలు. మర్చిపోయానని అబద్ధం చెప్పనక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది తెల్లకాగితాల మీది సంతకం. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద, అన్నీ రాసి ఉన్నా సరే, చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని 181 చెబుతోంది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. మరి తెల్లకాగితం దేనికి? ఆ సంతకం పైన మధ్యవర్తుల నివేదిక (పంచనామా) పుట్టుకు రావొచ్చు, ఫోన్ స్వచ్ఛందంగా ఇచ్చానన్న అంగీకారపత్రం పుట్టొచ్చు. చదవనివ్వని ఆ అచ్చు కాగితం బైండోవర్ బాండు కూడా కావొచ్చు. దీనికి మందు ఒక్కటే: ఆ కాగితాలు ఎక్కడా వాడకముందే, ఫలానా రోజు ఖాళీ కాగితాల మీద సంతకం తీసుకున్నారని పై అధికారికి రాసి పెట్టడం. ఆరు నెలలకు చెబితే లాయర్ నేర్పిన మాటంటారు.

బైండోవర్‌ను మన ఊళ్లలో తేలిగ్గా తీసుకుంటారు. తహసీల్దారు ఆఫీసుకు తీసుకెళ్లి, ఫారం మీద సంతకం పెట్టించి, "ఇక గొడవల్లోకి వెళ్లకు" అని పంపిస్తారు. అది అంత చిన్న పని కాదు. 126 కింద శాంతిభద్రతల బాండు రాయించాలంటే ముందు 130 ప్రకారం రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అందులో మీ వాడి మీద వచ్చిన సమాచారమేమిటో, బాండు ఎంతకో, ఎంతకాలానికో ఉండాలి. తర్వాత 135 ప్రకారం ఆ సమాచారం నిజమో కాదో విచారణ జరపాలి. గరిష్ఠ కాలం ఏడాది. విచారణ మొదలుపెట్టకుండా మధ్యంతర బాండు అడగకూడదని 1970లోనే మధులిమాయే కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సంతకం పెట్టేస్తే ఈ విచారణ హక్కును మీ వాడే వదులుకున్నట్టు. పైగా చాలామంది గమనించని మెలిక ఇంకొకటుంది. 2022 నాటి నేర ప్రక్రియ గుర్తింపు చట్టం ప్రకారం, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా వేలిముద్రలు, ఫొటోలు తీసుకోదగ్గది శిక్ష పడినవారివి, అరెస్టయినవారివి (లేదా ముందస్తు నిర్బంధ చట్టం కింద ఉన్నవారివి), ఇలా బాండు ఉత్తర్వు పొందినవారివే. మీ వాడు ఇప్పుడీ మూడిట్లో ఏదీ కాదు, అందుచేత ఆ రోజు తీసుకున్నవి అక్రమం. బైండోవర్ జరిగితే ఆ లోటు తీరిపోతుంది. మళ్లీ తీసుకుని 75 ఏళ్లు దాచుకునే వీలు కలుగుతుంది. తహసీల్దారు పిలిస్తే వెళ్లండి, ఉత్తర్వు కాపీ తీసుకోండి, "అభ్యంతరాలు దాఖలు చేస్తాను, గడువు ఇవ్వండి" అని రాసివ్వండి. ఆ రోజే బాండు ఇవ్వకండి.

ఆదివారం సంతకాలకు ఆధారం లేదు. బెయిలు షరతుగానో కోర్టు ఉత్తర్వుగానో ఉంటే తప్ప వారంవారం హాజరు వేయించుకునే అధికారం స్టేషన్‌కు లేదు.

ఉపా బెదిరింపు మాటేమిటి? కొట్టిపారేయను. ఆ చట్టం కింద అరెస్టయితే చార్జిషీటుకు 180 రోజుల వరకూ గడువు పొడిగించవచ్చు, 43డి(5) వల్ల బెయిలు చాలా కష్టం. అయితే జిల్లాల్లో రాష్ట్ర పోలీసులే చేసే ఉపా కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి, ఎస్సై చేయలేరు. ఉగ్రవాద సంస్థ సాహిత్యం దగ్గరుండటం, సానుభూతి ఉండటం అంతమాత్రాన నేరం కాదని, ఆ సంస్థ కార్యకలాపాలను ముందుకు తీసుకెళ్లే ఉద్దేశం కనబడాలని 2021లో త్వాహా ఫసల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరోవైపు 2023లో అరూప్ భుయాన్ పునఃసమీక్షలో, నిషిద్ధ సంస్థలో సభ్యత్వం దానంతటదే నేరమేనని తేల్చింది. ఈ రెండిటి మధ్య మీ వాడు ఎక్కడున్నాడంటే, ఇంకెవరో పెట్టిన కరపత్రం వచ్చిన ఫోన్ యజమాని, అంతే. ఎన్‌కౌంటర్‌ను ఖండించడం నిషిద్ధ సంస్థలో చేరడం కాదు. కానీ మీకు తెలియకుండానే పేరు ఎఫ్ఐఆర్‌లో చేరడం జరగనిదేమీ కాదు. ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్‌లో 2022 ఆగస్టులో నమోదైన ఉపా కేసులో ప్రొఫెసర్ హరగోపాల్ సహా 152 మంది పేర్లున్నాయన్న సంగతి 2023 జూన్‌లో గానీ బయటికి రాలేదు. నిరసనలు వచ్చాక ఆయన పేరు తొలగించారు. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది కాబట్టి వెబ్‌సైట్లో కనబడలేదని ఊరుకోకుండా రాతపూర్వకంగా కూడా అడగాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఎమ్మెల్యేగారి మనిషి దారిని నేను ఎగతాళి చేయను. ఆ ఫోన్ రెండు రోజుల్లో తిరిగి రావొచ్చు కూడా. కానీ ఫోన్ వస్తుందే తప్ప తెల్లకాగితాలు రావు, లోపలి డేటా కాపీ తీశారో లేదో తెలియదు, వేలిముద్రలు అక్కడే ఉంటాయి. ఈ మేలుకు మళ్లీ ఎన్నికలప్పుడు లెక్క తేల్చాల్సి వస్తుంది. ఆ దారిలోనే వెళ్లినా, ఫోన్ తీసుకునేటప్పుడు తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ రాసిన కాగితం అడగండి.

అబ్బాయి అన్నట్టు ఏమీ చేయకపోతే? చాలాసార్లు ఏమీ జరగదు కూడా. బస్సు కేసు చల్లబడుతుంది, ఫోన్ మూలన పడుతుంది. కానీ అమెరికా ప్రయాణం ముందు వెరిఫికేషన్ నివేదిక ఇదే స్టేషన్ నుంచి వెళ్లాలి, అదే ఇబ్బంది.

బావమరిదిగారి దారి సరైనదే, వరుస మాత్రం తప్పు. రిట్ వేస్తే హోంశాఖ ప్రభుత్వ న్యాయవాది పోలీసులను కనుక్కుని వస్తారు. "మేము పిలవనే లేదు, ఫోన్ మా దగ్గర లేదు" అని జవాబొస్తే, చట్టప్రకారం తప్ప జోక్యం చేసుకోవద్దన్న ఉత్తర్వుతో కేసు ముగిసే అవకాశం ఉంది. ఆదివారం సంతకాలు ఆగుతాయి, ఫోన్ మాత్రం గాలిలో కలుస్తుంది. పైగా కోర్టు అడిగే మొదటి ప్రశ్న, అధికారులకు ముందుగా విజ్ఞప్తి ఇచ్చారా అని.

కాబట్టి నా మొగ్గు నడిమి దారి వైపు: ఎస్పీగారికి ఒక ఉత్తరం. రాయాల్సింది మీరు కాదు, మీ అబ్బాయి. వాడు మేజరు, జరిగింది వాడికి, ఫోన్ వాడిది. వాడు వద్దంటే మీరు బలవంతం చేయలేరు. పైన చెప్పినవన్నీ ముందుపెట్టి కూర్చుని మాట్లాడండి. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. వెళ్లిన సమయం, వచ్చిన సమయం, అక్కడున్నవారి హోదాలు, ఫోన్ మోడలు, బిల్లు మీదో పెట్టె మీదో ఉండే ఐఎంఈఐ నంబరు, సిమ్ నంబరు, సంతకాలు చేసిన కాగితాలు ఎన్ని, వేలిముద్రల సంగతి. దౌర్జన్యం, చిత్రహింస లాంటి మాటలు వద్దు, జరిగింది జరిగినట్టే. ఆ తర్వాత కోరికలు: కేసు ఉంటే నంబరు, ఎఫ్ఐఆర్ కాపీ, స్వాధీనం జాబితా లేదా ఫోన్, ఆ రోజు జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) నమోదు కాపీ, ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకూ స్టేషన్ సీసీ కెమెరాల ఫుటేజీ భద్రపరచడం, ఇకమీదట పిలిస్తే రాతపూర్వక నోటీసు. ఫుటేజీ కోరిక వదలొద్దు. 18 నెలలు దాచాలని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆలస్యమైతే కెమెరా ఆ రోజు పనిచేయలేదన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. అదే రోజు స్పీడ్ పోస్టులో ఎస్డీపీవోకు (సబ్‌డివిజన్ పోలీసు అధికారికి), ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేటు కోర్టుకు కాపీలు పంపండి. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, అందుకని రిజిస్ట్రేషన్ సదుపాయం, డెలివరీ రుజువు విడిగా అడిగి తీసుకోవాలి. దీనివల్ల ఎస్సైకి కోపం రావడం ఖాయం, దాచి లాభం లేదు. కానీ ఉత్తరం అందాక తీసుకునే ప్రతి చర్యా కక్షగా కనబడుతుందన్న జంకు కూడా మొదలవుతుంది. రెండు వారాల్లో కదలిక లేకపోతే లాయర్ ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో 503 కింద ఫోన్ కోసం దరఖాస్తు చేయండి. కోర్టు స్టేషన్ నుంచి నివేదిక అడుగుతుంది. కేసు నంబరుతో జవాబొస్తే మీ వాడి స్థానమేమిటో తేలుతుంది. ఫోన్ లేదని జవాబొస్తే, అప్పుడు హైకోర్టుకు వెళ్లడానికి మీ చేతిలో సరుకు ఉంటుంది.

పాస్‌పోర్టు విషయంలో కంగారు పడకండి. పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) ప్రకారం అడ్డుపడేది క్రిమినల్ కోర్టులో పెండింగ్‌లో ఉన్న కేసు. కోర్టు కేసును విచారణకు స్వీకరించనంత వరకూ ఒట్టి ఎఫ్ఐఆర్ ఆ లెక్కలోకి రాదని విదేశాంగ శాఖే 2019లో స్పష్టం చేసింది. ప్రతికూల నివేదిక వెళితే పాస్‌పోర్టు ఆఫీసు సంజాయిషీ అడుగుతుంది, అప్పుడు ఎస్పీగారికి ఇచ్చిన ఉత్తరం, రసీదు జతచేసి జవాబివ్వండి. ఫారాల్లో ఏదీ దాచొద్దు. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ పది గంటలను పోలీసులు తమ రికార్డులో 170 కింద ముందస్తు అరెస్టుగా రాసుకున్నారేమో తెలియకుండా లేదని రాయడం ప్రమాదం. జనరల్ డైరీ కాపీ అడగమన్నది అందుకు కూడా.

ఈలోగా ఆదివారం వస్తుంది. సోమవారం కన్నా ముందే వస్తుంది కాబట్టి, శనివారమే స్టేషన్ ఆఫీసర్ పేరిట రెండు వాక్యాలు స్పీడ్ పోస్టులో పంపండి: చట్టప్రకారం నోటీసు ఇస్తే హాజరవుతాను, ప్రస్తుతం ఫలానా చిరునామాలో ఉంటున్నాను. అబ్బాయి నిజంగా ఆ చిరునామాలోనే ఉండాలి, బంధువుల ఊరికి పంపేయొద్దు; వెళితే పరారీ అని రాసుకుంటారు. ఇంటికి వచ్చి తీసుకెళితే ఎక్కడికి, ఏ సెక్షన్ కింద అని అడిగి సమయం రాసుకోండి, వెంటనే లాయర్‌కు చెప్పండి. అరెస్టు చేస్తే కారణాలు రాసివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. లాయర్ దొరక్కపోతే న్యాయసేవల సంస్థ ఉచిత నంబరు 15100.